పన్నెండేండ్ల వాన

ఎనిమిదిన్నర కావడానికి ఇంకా జరంత టైముంది. మొగిలమ్మ బంగ్లా వాకిలి ఊడ్చుడు ఆపి, చీపురు గోడకు ఆనించి, చేతులు కడుక్కున్నది. తడి చేతుల్లోంచి గాజుసీస జారుతుంది. కొంగుతో ఒక్కో వేలు తుడుచుకున్నది. నడుము దారానికి కట్టుకున్న తాళంచెవి తీసి తీగకంచె తలుపు తెరిచింది.

కంచె నడుమ సిమెంటు గద్దె. గద్దెలో సగం దాకా పాతిన రేకు డబ్బా, దాని మీద గరాటు. గరాటు మూతికి ఇత్తడి అంచు. కాగితాల్లో దీనికి ఇంగ్లీషు పేరేదో ఉంది. ఊరంతా వానబుడ్డి అంటరు.

గరాటు తిప్పి తీసి పక్కన పెట్టింది. లోపలి సీస బయటికి తీసింది. గుడ్డలో చుట్టి తెచ్చుకున్న గీతల గ్లాసులోకి ఆ నీళ్ళు వంపింది. ఆఖరి చుక్క పడేదాకా సీసను అట్లనే పట్టుకున్నది. గ్లాసును గద్దె మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చొని, కన్ను నీటి మట్టానికి వచ్చేదాకా తల దించింది. నిలబడి పైనుంచి చూస్తే ఒక గీత ఎక్కువ కనపడుతుంది. నీరు గీత మీదికి ఎక్కకపోతే కింది గీతే రాయాలి. డెబ్బై రెండు కరువు నాడు ఒక ఓవర్సీరు గోడ మీద బొగ్గుతో అంకెలు రాసి నేర్పిపోయిన పద్ధతి అది. ఆమెకు అక్షరాలు రావు. అంకెలు వచ్చు.

"ఒకటి పాయింట్ రెండు," అని పైకే అనుకొని, వరండాలోకి పోయి రిజిస్టర్‌లో పెన్సిలుతో రాసింది. రాసినదాన్ని ఒకసారి వేలు పెట్టి చూసుకున్నది.

అప్పుడే చెరువు కట్ట మీదినుంచి జీపు దిగింది. ముందు సీట్లోంచి వర్క్ ఇన్‌స్పెక్టర్ వెంకట్రాజం దిగాడు. వెనుకనుంచి సన్నగా, కండ్లద్దాలు పెట్టుకున్న పిలగాడు దిగాడు. ముప్పై ఏండ్లు కూడా ఉండవు. చంకలో చుట్టిన పొడుగు కాగితం ఉంది.

"మొగిలక్కా, ఈ సారు పేరు సుందర్ రావు," అన్నాడు వెంకట్రాజం. "హన్మకొండల పెద్ద చదువు చదువుతాండు. వానల మీద. రెండొద్దులు బంగ్లల ఉంటడు."

"గది ఊడ్చే ఉన్నది," అన్నది మొగిలమ్మ.

సుందర్ రావు గదిలోకి పోలేదు. వరండాలో బల్ల మీద కాగితం విప్పి, ఎగరకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టాడు. కాగితమంతా సన్న గళ్ళు. వాటి మీద చుక్కలు, ఒక నల్లగీత.

"అమ్మా, ఈ వాన లెక్కలు రాసేది మీరేనా?"

"నేనే."

"ఈడికి తూర్పున నాలుగు మైళ్ళ మీద ఒక స్టేషన్ ఉంది. పడమట ఐదు మైళ్ళ మీద ఇంకోటి. ఆ రెండిటి లెక్కలు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయి. నడుమ ఉన్న మీ లెక్కలు మాత్రం దేనితో కలవడం లేదు."

సుందర్ రావు ఒక చుక్క మీద వేలు పెట్టాడు.

"ఎనభై ఒకటి, జూలై పద్నాలుగు. తూర్పున నలభై రెండున్నర మిల్లీమీటర్లు. పడమట ముప్పై ఏడున్నర. మీరు సున్నా రాసిండ్రు."

"సున్నా రాస్తే సున్ననే."

"రెండు పక్కల అంత వాన కొట్టి నడుమ చుక్క పడకుంటుందా?"

"అది మొగులునడుగాలె సారూ. నన్నడిగితే ఏం చెప్త?"

వెంకట్రాజం నవ్వు ఆపుకొని దగ్గాడు. సుందర్ రావు ఇంకో చుక్క మీద వేలు పెట్టాడు.

"డెబ్బై తొమ్మిది, ఆగస్టు. అటు ఐదున్నర, ఇటు ఐదు. మీరు నూట పన్నెండు పాయింట్ నాలుగు అని రాసిండ్రు. నూట పన్నెండు!"

"ఆ దినం ఇరవై పట్టే గ్లాసు ఐదుసార్లు నింపి పారవోసిన. ఆరోసారి పన్నెండు పాయింట్ నాలుగు. చెరువు నిండి మత్తడి దుంకింది. కట్టకు గండి పడేటట్టుంటే ఇసుక బస్తాలు మోసిండ్రు. మోపిచ్చింది ఎవలో రాజం సారునడుగుండ్రి."

వెంకట్రాజం జీపు టైరు దిక్కు చూస్తున్నాడు.

"వరద పైనుంచి కూడా వస్తుంది కదా," అన్నాడు సుందర్ రావు. గొంతులో కోపం లేదు. తరగతిలో పిల్లలకు చెప్పినట్టే నెమ్మదిగా చెప్పాడు. "మీ తప్పని నేననడం లేదమ్మా. రోజూ చూడడం ఎవరి వల్లా కాదు. చూడని నాడు అందాజుగా రాస్తారు. ఆ సంగతి మీరొప్పుకుంటే ఈ స్టేషన్ లెక్కలు కొట్టేస్తాం. మిగతావాటితో పని సాగుతుంది."

వెంకట్రాజం సంచిలోంచి మొగిలమ్మ పేరు మీద టైపు కొట్టిన కాగితం తీసి చదివాడు. వాన కొలత నేను రోజూ చూడలేదు, చాలా దినాలు అందాజుగా రాసిన, ఈ లెక్కలు నమ్మదగినవి కావు. కింద వేలిముద్రకు జాగా విడిచిపెట్టి ఉంది. ముద్ర కోసం నీలిసిరా డబ్బీ కూడా తెచ్చారు.

"కొట్టేసుడంటే?" అన్నది మొగిలమ్మ.

"ఎర్ర పెన్సిలుతోని గీత పెడ్తరు," అన్నాడు వెంకట్రాజం.

"ఎన్ని దినాలవి?"

"మొత్తం. పన్నెండేండ్లవి."

ఆమె డబ్బీని చూసింది, కాగితాన్ని చూసింది. రిజిస్టర్ మూసి చంకన పెట్టుకున్నది.

"పొయ్యి మీద ఎసరు పెట్టిన," అని లోపలికి పోయింది.

వెంకట్రాజం వెనుకనే వంటింటి దాకా వచ్చాడు. గొంతు తగ్గించాడు. "అక్కా, జర నా మాటిను. వేలుముద్ర వేస్తే వానబుడ్డి పోతది, అంతే. బంగ్లా ఊడ్చే పని ఉంటది. వెయ్యనంటే ఎంక్వైరీ వేస్తరు. అప్పుడు ఈ పని గూడ పోతది. ఎవడు చూడొచ్చిండు ఆ సున్నాలు?"

"నేను చూసిన."

"నువ్వు చూసినవ్. నాకెరుకే. బస్తాలు నేనే మోపిస్తి గదా."

"మరి ఆ ముచ్చట ఆ సారుకెందుకు చెప్పకపోతివి?"

వెంకట్రాజం గడప దిక్కు తిరిగాడు. "శుక్రారం దాక టైమున్నది. సోంచాయించుకో," అని జీపెక్కి పోయాడు.

పగటిపూట సుందర్ రావు అన్నం తింటూ కూడా ఆ కాగితమే చూస్తున్నాడు. మొగిలమ్మ చింతచిగురు పప్పు వడ్డించి, గోడకు చేరగిలబడి నిలబడ్డది.

"మీది ఏ ఊరు సారూ?"

"హన్మకొండే. మా నాయిన మిషన్ స్కూల్లో సారు. ఏలియా సారంటే అందరికీ ఎరుకే."

"మరి నాయిన గూడ ఇట్లనేనా, గీతలు గీస్తడా?"

"లేదు. ఆయన తెలుగు చెప్తాడు." సుందర్ రావు నవ్వాడు. ఎడమ చేత్తో కాగితం చూపాడు. "ఇగో, ఇది నా లెక్క. తూర్పునుంచి పడమటికి పోయిన కొద్దీ వాన ఒక పద్ధతిలో తగ్గుతుంది. ఇక్కడ ఒక చుక్క, అక్కడ ఒక చుక్క. మీ చుక్క నడుమ ఈ గీత మీద ఉండాలె. గీత కుదిరితే రేపు ఏ ఊర్లో ఎంత వాన పడేది వానబుడ్డి లేకుండానే చెప్పొచ్చు. ఎంత లాభమో చూడండి."

మొగిలమ్మ వంగి చాలాసేపు చూసింది.

"ముందుగాల చుక్కలు పెట్టిండ్రా, గీత గీసిండ్రా?"

"చుక్కలే. చుక్కలను బట్టే గీత."

"మరి గీతను బట్టి చుక్కను కొట్టేస్తాండ్రు గదా."

సుందర్ రావు ముద్ద కలుపుడు ఆపాడు. "అన్నీ కలుస్తున్నప్పుడు ఒక్కటి కలవకపోతే, ఆ ఒక్కటే తప్పు అనుకుంటాం. అది పద్ధతి."

"అన్నీ అంటే ఎన్ని సారూ?"

"రెండు."

"ఊఁ," అన్నది మొగిలమ్మ. చారు గిన్నె దగ్గరికి జరిపింది.

సాయంత్రం బర్లు ఇంటికి మళ్ళే యాళ్ళకు చెరువుకు అవతల గుట్టల మీద మొగులు పట్టింది. సుందర్ రావు కట్ట మీద నిలబడి చూశాడు. గుట్టకు ఆ పక్క వాన ధారగా దిగుతున్నది. ఈ పక్క చెరువు నీళ్ళ మీద ఎండ. మొగిలమ్మ గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని ఆయన పక్కనుంచే పోయింది. చేయెత్తి అటు చూపెట్టలేదు.

తెల్లారి కంచె తాళం తీసినప్పుడే ఆమెకు ఏదో తేడా తట్టింది. కంచె దగ్గర ఇసుకలో చెప్పుల అచ్చులు ఉన్నాయి. కంచె ఎత్తు నడుము దాకానే. చేయి చాపితే గద్దె అందుతుంది.

సీస తీసింది. బరువుగా ఉంది. రాత్రి చుక్క పడలేదు. ఇంటి ముందు మంచంలో పండుకున్న మనిషికి అది తెలియకుండా ఉండదు. అయినా ఆమె రోజూ చేసినట్టే చేసింది. గ్లాసు నిండా వంపి, ఇరవై చూసి, పారబోసింది. మిగిలిందాన్ని మళ్ళీ వంపి తల దించి చూసింది. మూడు పాయింట్ నాలుగు.

అప్పుడు గద్దె చుట్టూ తిరిగింది. వాన పడితే ఇసుకలో చిన్న చిన్న గుంతలు పడతాయి. ఇసుక సాపుగా ఉంది. కంచె తీగెకు సాలెపురుగు గూడు దుమ్ముతోనే ఉంది. గరాటు ఇత్తడి అంచుకు మూడు దిక్కులా దుమ్ము, ఒక్క దిక్కు మాత్రం నీళ్ళు జారిన చార. ఆమె గ్లాసులో వేలు ముంచి నాలుకకు తాకించుకున్నది. ఉప్పన. బంగ్లా వెనుక బోరింగు నీళ్ళు.

వరండాలోకి వచ్చి రిజిస్టర్ తెరిచింది. ఆ తేదీ గడిలో సున్నా పెట్టింది.

సుందర్ రావు తువ్వాలు భుజాన వేసుకొని గదిలోంచి వచ్చాడు. ఎన్నడో నిద్ర లేచినట్టే ఉన్నాడు.

"చూసిండ్రా అమ్మా?"

"చూసిన."

"ఎంత?"

"సున్నా."

ఆయన నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పులో సంబురం కాదు, బాధే ఉంది. జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాయబోయాడు. "ఇదేనమ్మా నేను చెప్పేది. మీరు సీస తియ్యనే లేదు. వాన రాలేదు గదా అని సున్నా వేసిండ్రు. రాత్రి నేనే దాంట్లో..."

"వాన సున్నా," అన్నది మొగిలమ్మ. "సీసల నీళ్ళు ఇరవై మూడు పాయింట్ నాలుగు."

పెన్ను ఆగిపోయింది.

"బోరింగు నీళ్ళు. ఒక గిలాసెడు మీద ఇంకింత వోసిండ్రు. పడమటి దిక్కు నిలవడి వోసిండ్రు. అంచు మీద చార ఉన్నది. మీరు ఎన్ని వోసిండ్రో నాకెరుక లేదు, ఎన్ని ఉన్నయో చెప్పిన. రిజిస్టర్ల రాయాల్సింది వాన. నీళ్ళు గాదు."

సుందర్ రావు తువ్వాలు తీసి మొకం తుడుచుకున్నాడు. మొకానికి తడి లేదు. "మూడు వందల మిల్లీలీటర్లు," అన్నాడు చివరికి. "కొలిచే వోసిన. ఇరవై మూడు, ఇరవై నాలుగు నడుమ రావాలె." ఇంకాసేపటికి అడిగాడు. "ఎట్ల గుర్తుపట్టిండ్రు?"

"మీ కంటె ముందు వోసినోళ్ళు ఉన్నరు."

"ఎవరు?"

"నాలుగేండ్ల కింద వానలు వెనుకవట్టినయ్. మా ఆడోళ్ళు కప్పతల్లి ఆడిండ్రు. రోకలికి కప్పను కట్టుకొని, ఇంటింటికి తిరిగి నీళ్ళు వోయించుకుంట ఈడిదాక వచ్చిండ్రు. సోమక్క అని మా వాడకట్టు మనిషి, బిందెడు నీళ్ళు తెచ్చి గరాటుల గుమ్మరిచ్చింది. సర్కారు కాయితం మీద వాన పడ్డదని రాస్తే పైన దేవునికి గూడ శరం వస్తదట, ఇగ కురువకుండ ఉండలేడట."

సుందర్ రావుకు నవ్వొచ్చింది. "మరి మీరేం రాసిండ్రు?"

"సున్నా. సోమక్క ఏడాది నాతోని మాట్లాడలే. నీ సున్నా వల్లనే వాన రాలేదని ఇప్పటికి గూడ తిడ్తది."

ఆయన బల్ల దగ్గర కూర్చున్నాడు. గళ్ళ కాగితం చుట్ట చుట్టే ఉంది, విప్పలేదు. "అమ్మా, ఒక్క పొద్దు సరిగ్గా చూసినంత మాత్రాన పన్నెండేండ్లు సరిగ్గా చూసినట్టు కాదు. నా చదువుకు గైడు, మా పెద్దసారు, ఇదే అంటడు. నేను నమ్మినా ఆయన నమ్మడు. మీ లెక్క ఉంచితే నా గీత రాదు. మూడేండ్ల పని. ఏమీ తేలదు."

"తేలకపోతె తేలలేదని రాయుండ్రి."

"అట్ల రాస్తే డిగ్రీ రాదు."

"ఆ పెద్దసారుకు చెప్పుండ్రి, నేను వస్తానని. రిజిస్టర్ తీసుకొనే వస్త. వేలుముద్ర కావాలంటె నా మొకం చూసి అడుగమను."

గురువారం ఎనిమిదిన్నరకు చూసి, రాసి, తాళం వేసి ఆమె బస్సెక్కింది. ఒడిలో రిజిస్టర్, దాని మీద గుడ్డలో చుట్టిన గ్లాసు. సర్కారు గ్లాసు ఊరు దాటించొద్దని తోడు వచ్చిన వెంకట్రాజం గొణిగాడు. పక్క సీట్లో కూర్చున్నాడే గాని దాన్ని ముట్టుకోలేదు. గుంత వచ్చినప్పుడల్లా ఆమె రెండు చేతులా గ్లాసును కడుపుకు అదుముకున్నది.

హన్మకొండలో పెద్దసారు పగటిదాకా రాలేదు. వచ్చినాక మీటింగులో ఉన్నాడు. మొగిలమ్మ వరండాలో సిమెంటు నేల మీద కూర్చున్నది. లోపలికి పిలిచేటప్పటికి ఎండ వంగిపోయింది.

పెద్ద గది. పెద్ద బల్ల. తెల్లబట్టల పెద్దసారు, పక్కన నిలబడి సుందర్ రావు. బల్ల మీద తూర్పు, పడమటి స్టేషన్ల రిజిస్టర్లు ఉన్నాయి. పెద్దసారు మొగిలమ్మను కాళ్ళ దగ్గరినుంచి మొకం దాకా చూశాడు.

"ఏం చదువుకున్నవమ్మా?"

"ఏం చదువలే. అంకెలు వస్తయ్."

"అంకెలు మాత్రమే వస్తాయి," అని పెద్దసారు సుందర్ రావు వైపు తిరిగాడు. ఇంతకన్నా ఇంకేం కావాలె అన్నట్టు.

"రాసేటివి అంకెలే గద సారూ," అన్నది మొగిలమ్మ.

పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడమ్మా, నిన్ను దొంగ అంటలేను. రెండు స్టేషన్లు ఒక్క మాట చెప్తున్నాయి. నువ్వొక్కదానివి వేరే చెప్తున్నవు. ఇద్దరు సాక్షులు ఒక తీరుగ చెప్పి మూడోవాడు వేరే చెప్తే ఎవరిని నమ్మాలె?"

"ఇద్దరు ఒక్క తీరుగ చెప్తాండ్రంటె, ఇద్దరు చూసిండ్రనా, ఒకలు చెప్పంగ ఇంకొకలు విన్నరనా? ఆ బుక్కులు నేను చూడొచ్చునా?"

పెద్దసారుకు నవ్వొచ్చింది. చేత్తో చూసుకొమ్మన్నాడు.

ఆమె నిలబడే తూర్పు రిజిస్టర్ తెరిచింది. తన రిజిస్టర్ దాని పక్కన పెట్టింది. తన దాంట్లో ప్రతి పేజీకి తడి మరకలు, వేలి గుర్తులు, వానాకాలం పేజీలైతే ఉబ్బి ఉన్నాయి. తూర్పుది పెండ్లిపత్రిక లెక్క ఉంది. నెల మొదటి తేదీ నుంచి ఆఖరు దాకా ఒకటే సిరా, ఒకటే ఒత్తు. ఆమె వేలు పెట్టి ఒక్కో అంకె మీదుగా దిగింది. పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది. పడమటిది తెరిచి దాంట్లో కూడా అట్లనే దిగింది. పెద్దసారు గడియారం చూసుకున్నాడు.

"ఈ ఐదు ఏంది సారూ?"

"ఏ ఐదు?"

"నలభై రెండు పాయింట్ ఐదు. ఏడు పాయింట్ ఐదు. పద్దెనిమిది పాయింట్ ఐదు. ఏది చూసినా చివరికి ఐదు, కాకుంటె సున్నా. ఈ ఐదు ఏ గీత మీద ఉన్నదో చూపెట్టుండ్రి."

గుడ్డ విప్పి గ్లాసు బల్ల మీద పెట్టింది. పెద్దసారు ముందున్న కూజా ఎత్తి అడగకుండానే దాంట్లో ఇన్ని నీళ్ళు పోసింది.

"ఒక పెద్ద గీతకు ఇంకో పెద్ద గీతకు నడుమ చిన్నయి నాలుగున్నయ్. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది. ఐదు లేనే లేదు. నీళ్ళు గీత మీదికి రాకుంటె కింది గీత రాయాలె. ఓవర్సీరు మాకు చెప్పింది గదే. నా పన్నెండేండ్ల లెక్కల ఒక్క ఐదు దొరుకుతదేమో ఎతుకుండ్రి."

పెద్దసారు కుర్చీలోంచే మెడ చాపి చూశాడు.

"ఆడికెల్లి కనవడది సారూ. తల దించాలె. కన్ను నీళ్ళకు సమంగ రావాలె."

పెద్దసారు కదల్లేదు. సుందర్ రావు బల్ల చుట్టూ వచ్చాడు. కండ్లద్దాలు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. నేల మీద మోకాళ్ళు ఊని, గడ్డం బల్ల అంచుకు ఆనించి గ్లాసులోకి చూశాడు. చాలాసేపు అట్లనే ఉన్నాడు.

"లేదు సార్," అన్నాడు. "ఐదు లేదు."

"నడుమ ఉంటే అందాజు వేసి ఉంటారు. అదేమంత పెద్ద విషయం?"

"అన్ని దినాలు నడుమనే ఆగినయా నీళ్ళు?" అన్నది మొగిలమ్మ.

"వాళ్ళ గ్లాసు వేరే రకం కావచ్చు," అన్నాడు పెద్దసారు. గొంతు పెరిగింది. "ఏమయ్యా వెంకట్రాజం, నువ్వు చెప్పు."

వెంకట్రాజం తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది. దాన్ని అటొకసారి ఇటొకసారి తిప్పాడు. మొగిలమ్మ దిక్కు చూడలేదు.

"మూడు గ్లాసులు ఒక్క పెట్టెలనే వచ్చినయ్ సార్. నేనే పంచిన. ఒక్క తీరుగనే ఉన్నయ్." టోపీ తిప్పుడు ఆపాడు. "తూర్పు స్టేషన్ గ్లాసు పలిగి ఐదేండ్లయింది. కొత్తదానికి రాస్తే రాలే."

"పలిగితే మరి ఇవి దేనితో కొలిచిండ్రు?" అన్నాడు సుందర్ రావు.

"కొలువలే సార్. గ్లాసు ఉన్నప్పుడు గూడ గంతే. నెలాఖరుకు ఒక్కసారే రాస్తరు. పడమటాయన తూర్పుదాన్ని చూసి ఐదు తక్కువో ఎక్కువో వేసుకుంటడు. గందుకే కలుస్తయ్. మీకు చెప్పుడు లేటయింది, నా తప్పే. డెబ్బై తొమ్మిదిల ఇసుక బస్తాలు నేనే మోపిచ్చిన సార్. ఆ దినం వాన గంత కొట్టింది. మోకాళ్ళ దాక నీళ్ళు."

సుందర్ రావు ఇంకా నేల మీదనే ఉన్నాడు. లేచి, పడమటి రిజిస్టర్ దగ్గరికి లాక్కొని పేజీలు తిప్పసాగాడు. పెదవులు కదులుతున్నాయి. ఐదులు లెక్కబెడుతున్నాడు.

"సుందర్ రావ్, ఆపు," అన్నాడు పెద్దసారు. "ఇట్ల పీకుతూ పోతే జిల్లాలో ఒక్క రిజిస్టర్ మిగలదు. నెలలో థీసిస్ ఇచ్చేది ఉంది. ఒక్క స్టేషన్ పెట్టుకొని ఏం రుజువు చేస్తవ్? ఆ కాయితం మీద ముద్ర తీసుకో, పని కానియ్యి."

సుందర్ రావు తల ఎత్తలేదు. పెద్దసారే సిరా డబ్బీ మూత తీసి, బల్ల మీదుగా మొగిలమ్మ ముందుకు జరిపాడు.

ఆమె డబ్బీ మూత పెట్టింది. టక్కున చప్పుడైంది.

"వెయ్య," అన్నది. "చూసిన దినం చూడలేదని నేను చెప్ప. మీకు గీత కావాలంటె మీరు గీసుకోండ్రి. నా వేలుతోని కాదు."

గ్లాసులో నీళ్ళు కిటికీలోంచి పారబోసి, గుడ్డలో చుట్టి, రిజిస్టర్ చంకన పెట్టుకొని ఆమె బయటికి నడిచింది. వెనుకనుంచి పెద్దసారు ఏదో అన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

బయటికొచ్చేటప్పటికి ఆఖరి బస్సు పోయింది. వెంకట్రాజం తన చెల్లె ఇంటికి తీసుకపోయాడు. చెల్లె ఇంటి గడప దగ్గర మొగిలమ్మ, "చెప్తివి," అన్నది. "చెప్తి," అన్నాడు వెంకట్రాజం.

తెల్లవారి వాన మొదలైంది. మొదటి బస్సు కోసం ఇద్దరూ బస్టాండ్‌లో నిలబడ్డారు. సుందర్ రావు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. అంగీ తడిసి ఒంటికి అంటుకుంది. గడ్డం గీసుకోలేదు.

"అమ్మా, రాత్రంతా లెక్కబెట్టిన," అన్నాడు. "తూర్పుదాంట్లో ఐదూ సున్నా కాకుండా పన్నెండేండ్లలో వచ్చిన అంకెలు పదకొండు. పడమటిదాంట్లో అవి కూడా లేవు. నేను మునుపు ఎత్తి రాసుకున్న మీ లెక్కల్లో అన్నీ గీత మీది అంకెలే. ఒక్క ఐదు లేదు."

"ఎతకమన్న గద."

"మీ స్టేషన్ కొట్టేయాలనే కాయితం మీద, లెక్కలు పరీక్ష చేసినోనిగా, నా సంతకం కూడా ఉండాలె. నేను పెట్టనని చెప్పిన. సంతకం లేకుంటే అది ముందుకు పోదు."

మొగిలమ్మ అతని మొకం చూసింది. "మరి నీ చదువు?"

ఎప్పుడూ సారూ అనే మనిషి నీ చదువు అన్నది. అతను దాన్ని పట్టించుకోలేదో, పట్టించుకునే నవ్వాడో.

"మళ్ల మొదటికెల్లి. పెద్దసారు నన్ను ఉంచుకుంటే. ఉంచుకోకపోతే ఇంకో సారును చూసుకోవాలె."

"మూడేండ్లు పాయె."

"పాయె."

"అన్నం తిన్నవా?"

"లేదు."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నది. అతను సైకిలు పట్టుకొని వానలోనే నిలబడ్డాడు. బస్సు కదిలేటప్పుడు చేయెత్తి ఏదో అడిగాడు. అద్దం కిందికి దింపింది.

"మళ్ల వస్తే చూడనిస్తరా?"

"ఎనిమిదిన్నరకు రావాలె. తర్వాత వస్తే ఉండది," అన్నది.

ములుగు రోడ్డంతా వానే. ఒక దగ్గర వాగు పొంగి బస్సు ఆగింది. కట్ట దగ్గర దిగేటప్పటికి పది కావొచ్చింది. బంగ్లా వాకిట్లో నీళ్ళు నిలిచాయి. వానబుడ్డి గరాటు మీద చినుకులు టపటప పడుతూనే ఉన్నాయి.

మొగిలమ్మ నెత్తిన గోనెసంచి కప్పుకొని కంచె దగ్గరికి పోయింది. తాళం తీయలేదు. కాసేపు నిలబడి చూసి వరండాలోకి వచ్చింది. చేతులు తుడుచుకొని రిజిస్టర్ తెరిచింది.

వెంకట్రాజం భుజం మీదినుంచి చూస్తున్నాడు. "తియ్యవా? తీసి చూసి రాయరాదు."

"ఇప్పుడు తీస్తె పదింటి వానయితది. ఎనిమిదిన్నరది కాదు. నడుమ గంటన్నర కురిసె."

"జరంత తక్కువేసి రాయి. ఎనిమిదిన్నరకు ఎంతుంటదో నీకు తెల్వదా? నీ కంటె ఎక్కువ ఎవనికి తెలుసు?"

"తెల్వది. చూడలే."

"పన్నెండేండ్లు చూసిన మనిషివి. ఒక్క దినం అందాజు వేస్తే ఎవడడుగుతడు?"

ఆమె పెన్సిలు మొన నాలుకకు తాకించుకున్నది. శుక్రవారం గడిలో ఒక అడ్డగీత పెట్టింది. నిదానంగా, గడి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. అట్లాంటి గీత ఆ రిజిస్టర్‌లో ఇంకెక్కడా లేదు.

"ఈ రెండొద్దుల వాన రేపు పొద్దుగాల ఒక్కదగ్గర్నే రాస్త," అన్నది.

"ఆఫీసుల అడుగుతరు అక్కా. అసలే నీ మీద కోపమున్నది. ఈ గీత చూస్తే, అగో చూడలేదు అని పట్టుకుంటరు."

"పట్టుకోనియ్యి. చూడలేదనే చెప్పు."

"ఎందుకు చూడలేదంటే?"

"చూసిన దినాలను నిలవెట్టుకునేటందుకు పోయిందని చెప్పు."

వెంకట్రాజం తడి చేతులు అంగీకి తుడుచుకున్నాడు. వాన చప్పుడు పెరిగింది.

"పెన్సిలు ఇటియ్యి," అన్నాడు.

మొగిలమ్మ పెన్సిలు వెనక్కి దాచుకున్నది.

"అంకె రాయను తియ్యే. ఇటియ్యి."

ఇచ్చింది. వెంకట్రాజం వంగి, ఆ అడ్డగీత పక్కన సన్న జాగాలో తన పొట్టి సంతకం పెట్టి, కింద ఆనాటి తేదీ వేశాడు.